సగటుకు లొంగని పురుగులు

పుట్టగౌరి కర్ణాటకలో కనకపుర వైపు ఒక పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టింది. అక్కడ పురుగు వయసును రోజుల్లో చెప్పరు, జ్వరాల్లో చెబుతారు. చర్మం విడిచే ముందు పురుగు మేత మాని, తల పైకెత్తి, దాదాపు ఒక రోజంతా కదలకుండా ఉంటుంది. దాన్నే జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక కడుపారా తిని గూడు కడుతుంది. ఏడేళ్ల వయసులో గౌరి జ్వరంలో ఉన్న పురుగుల మీద ఆకు పోసింది. "కళ్లున్నాయా, పొద్దున ముద్దతో పాటు మింగేశావా?" అన్నాడు వాళ్ల నాన్న. ఆ తర్వాత ఆమె కన్ను ఎప్పుడూ తప్పలేదని కాదు, చూడకుండా మాత్రం ఉండలేదు.

1994లో ఆమె బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో పిహెచ్.డి.కి చేరింది. పట్టుదారాన్ని తయారుచేయించే జన్యువు ఎప్పుడు పనిచేస్తుంది, దాన్ని ఏది ఆపుతుంది అన్నది విషయం. జన్యువు పనిచేస్తుంటే దాని నకళ్లు పట్టు గ్రంథిలో పేరుకుంటాయి, ఎక్స్-రే ఫిల్ము మీద నల్లటి పట్టీగా కనిపిస్తాయి. ఆగితే ఆ చోటు ఖాళీగా ఉంటుంది. గైడు డాక్టర్ వాదిరాజ్ ల్యాబులో ఒకే రోజు పుట్టిన ఇరవై పురుగుల గ్రంథులను కలిపి నూరి, ఒక్క ఫలితం తీసేవారు. అలా తీసిన గ్రాఫులో గీత నాలుగో జ్వరం వేళకు మెల్లగా కిందికి జారేది. జన్యువు వత్తి తగ్గించిన దీపంలా కొంచెం కొంచెంగా ఆగుతుందని ఆయన వ్యాసం రాసి విదేశీ పత్రికకు పంపేశారు కూడా.

గౌరి పురుగుల తట్ట వైపు చూసింది. ఒకే రోజు పుట్టినవే అయినా కొన్ని తలెత్తి బిగుసుకుని ఉన్నాయి, కొన్ని ఇంకా ఆకు నములుతున్నాయి. రెండింటినీ కలిపి నూరితే సగం రాక ఏం చేస్తుంది? ఆమె ఒక్కో పురుగును విడిగా పరీక్షించి, ఫిల్ము తీసుకుని ఆయన గదికి వెళ్లింది. మేస్తున్నదానిలో పూర్తి నలుపు, జ్వరంలో ఉన్నదానిలో పూర్తి ఖాళీ, ఏ పురుగులోనూ సగం లేదని, ఆ జారుడు పురుగులో కాదు, మన రోట్లో ఉందని చెప్పింది.

"జ్వరం వచ్చిందని నువ్వు కంటితో కనిపెడతావు. అది ఏ పేపర్లో ఉందమ్మా?" అన్నారు వాదిరాజ్. "ఇది మీ ఇంటి పురుగుల గది కాదు."

నెల తర్వాత ఆమె ఫెలోషిప్పును ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అని తేల్చే కమిటీ కూర్చుంది. పొడిగించకపోతే చదువు అక్కడితో ఆగిపోతుంది. సగటు గ్రాఫు ఒక్కటే చూపించమని వాదిరాజ్ ముందే చెప్పారు. గౌరి దాన్ని చూపించి, దాని పక్కనే తన ఫిల్మునూ పెట్టింది. కమిటీలో కూర్చున్న ఆయన పెన్ను మూత బిగించి చేతులు కట్టుకున్నారు.

కమిటీలో డాక్టర్ సరయూ కామత్ అని ఒకావిడ ఉండేవారు. ఎవరి మాటా ఊరికే నమ్మరని పేరు. ఇరవైనాలుగు పురుగులు తెప్పించి, ఏది జ్వరంలో ఉందో ఏది లేదో గౌరి చేత కాగితం మీద రాయించి, కవరుకు లక్క వేయించి తన దగ్గర పెట్టుకున్నారు. పరీక్ష మాత్రం ఏది ఏదో తెలియని వేరే ల్యాబు విద్యార్థికి అప్పగించారు. పది రోజులకు కమిటీ మళ్లీ కూర్చుని కవరు విప్పింది. ఇరవైరెండు ఫిల్ముతో సరిపోయాయి.

"రెండు తప్పాయి," అన్నారు వాదిరాజ్ వెంటనే.

"తప్పాయి సార్. తప్పింది నా కన్ను," అంది గౌరి. "ఆ రెండింటినీ చూడండి. ఒకటి పూర్తి నలుపు, ఒకటి పూర్తి ఖాళీ. ఈ ఇరవైనాలుగింటిలో సగం వెలిగే పురుగును ఒక్కదాన్ని చూపించండి, ఇప్పుడే మా ఊరికి పోతాను."

ఎవరూ చూపించలేదు. ఫెలోషిప్పు పొడిగించారు.

మర్నాడు వాదిరాజ్ పిలిచి, థీసిస్‌లోంచి ఆ ఫిల్ము తీసేస్తే సంతకం పెడతానన్నారు. వ్యాసం అచ్చుకు వెళ్లిందని, తన విద్యార్థే దాన్ని కాదంటే తన మాటకు విలువేముంటుందని అడిగారు. గౌరి తీయనంది. సాయంత్రానికి సామాను సర్దుకుని పై అంతస్తులో కామత్ ముందు నిలబడింది.

"నా దగ్గర ఈస్టు తప్ప పురుగుల్లేవు. రోజూ మల్బరీ ఆకు ఎవరు తెస్తారు?" అన్నారావిడ.

"నేనే తెస్తాను మేడమ్."

కనకపుర మొదటి బస్సులో ఆకు గోతంతో వచ్చేది. కండక్టరు గోతానికీ టికెట్టు కొట్టేవాడు. గుడ్ల దగ్గర్నుంచి అంతా మళ్లీ మొదలు. ఈలోగా వాదిరాజ్ వ్యాసం అచ్చయింది, దాన్ని ఉదహరిస్తూ ఇంకో ముగ్గురు రాశారు. ఐదేళ్లలో కావలసిన చదువు ఏడో ఏటికి వచ్చింది. ఊళ్లో ఆమెకు మతి తప్పిందన్నారు. ఇవన్నీ ఇప్పుడు మైసూరులో మా మీది వాటాలో ఉంటూ, తన విద్యార్థుల ఫిల్ములు కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ ముక్కలు ముక్కలుగా చెబుతుందామె.

థీసిస్ మీద బహిరంగ ప్రశ్నల రోజున వాదిరాజ్ మూడో వరసలో కూర్చున్నారు. మధ్యలో లేచారు.

"నీ లెక్కలే తీసుకుని సగటు కడితే నా గీతే వస్తుంది కదా?"

"వస్తుంది సార్," అంది గౌరి. "అందుకే కట్టలేదు."

ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. ఆమె తర్వాతి స్లయిడు వేయమంది.