కాలినోళ్ల కచేరి

మొన్న మా కోడలు నూలు చీరకు గంజి పెట్టి దండెం మీద ఆరేస్తుంటే, ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే గద్వాలలో మా మగ్గాల వీధి, చిన్ననాటి చలికాలపు తెల్లవారుజాములు ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. పొద్దు పొడవకముందే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు సాగదీసి కట్టేవాళ్లు. వేల నూలు పోగుల మీద గంజి చల్లి, చెరో పక్కన ఒకరు నిలబడి పొడవాటి కుంచె పట్టుకుని, తల దువ్వినట్టు దువ్వుతూ నడిచేవాళ్లు. ఎండ ముదిరేలోగా దువ్వడం పూర్తికాకపోతే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి పడుగంతా చెక్కలా బిగుస్తుంది, నెలల కష్టం మట్టిపాలవుతుంది. అందుకే ఎవరింటి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యి వెయ్యాలి, అది కట్టుబాటు. మేం పిల్లలం చిర్రగోనె ఆట కట్టెలు చంకలో పెట్టుకుని, సజ్జరొట్టె నములుతూ, పడుగు కింద నుంచి దూరి తిట్లు తింటూ తిరిగేవాళ్లం. తెగిన పోగును కనిపెట్టి రెండు వేళ్లతో మెలిపెట్టి అతికించడంలో మాత్రం మా లచ్చక్కను మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

ఆ అక్క మీదే ఒకనాడు మరిగే గంజి కుండ ఒరిగింది. కుడిచెయ్యి మోచేతి దాకా, మెడ కింద జానెడు మేర కాలింది. వెన్న పూసి, ఆకుపసర్లు పిండి, ఎట్లాగో పుండ్లు మానాయి గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. అక్క లోపలి గదిలోంచి రావడం మానేసింది. కుండ దించమన్నది తానే కాబట్టి అమ్మ కూడా గడప దాటడం మానేసింది. చూడవచ్చినవాళ్లు ఊరుకున్నారా? ఎట్ల కాలిందని ఒకరు, ఇగ దీన్ని ఎవడు చేసుకుంటడని ఇంకొకరు, పిల్ల వినేటట్టే మాట్లాడి పోయేవాళ్లు. దాన్ని పరామర్శ అంటారు! ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం దిగలేదు.

అప్పుడొచ్చింది ఖాసింబీ పెద్దమ్మ. లక్కగాజులు చేసి ఇల్లిల్లూ తిరిగి అమ్మే ఆ మనిషి ఆ రోజు గాజుల గంప లేకుండా వచ్చి, నేరుగా అక్క మంచం పక్కన కూర్చుని, కొంగు తొలగించి, చిన్నప్పుడు కుంపటి మీద పడి కాలిన తన మెడ చూపించింది. తర్వాత రొట్టె, పుంటికూర అడిగి మరీ పెట్టించుకుని తిన్నది. ఎట్ల కాలిందని అడగలేదు. లేచి పోతూ అక్కతో అన్నది: "శుక్రారం మా ఇంటికి రా బిడ్డా. కాలినోళ్ల కచేరి కూసుంటది. మీ అమ్మను గూడ తోల్కరా. ఆమెకు గూడ కాలింది."

కచేరి అంటే మాకు తెలిసింది సర్కారు కచేరి, పేరు వింటేనే జనం పరేషాన్ అయ్యే చోటు. ఆ శుక్రవారం అమ్మ, అక్కలతో నేనూ పోయి చూస్తే, ఖాసింబీ కచేరిలో ఉన్నది మాత్రం వేపచెట్టు నీడ, పరిచిన చాప, చక్కెర పాకం మీద పడి రెండు చేతులూ కాలిన మిఠాయి బాలప్ప, అతని పెళ్లాం, వాళ్లలాంటివాళ్లు మరికొందరు. ఎట్ల కాలిందో ఎవరూ అడగకూడదు, చెప్పాలనిపించినవాళ్లు చెప్పుకోవచ్చు, అదొక్కటే అక్కడి కానూను. ఒకరి మచ్చలకు ఒకరు కొబ్బరినూనె రాసుకుంటూ, ఎవరి చర్మం ఎవరి చర్మం కన్నా వికారంగా ఉందో పందేలు వేసుకుని నవ్వుకునేవాళ్లు. బాలప్ప పెళ్లాం మా అమ్మను పక్కకు తీసుకుపోయి ఏం చెప్పేదో గానీ, ఇంటికొచ్చేటప్పుడు అమ్మ తల ఎత్తుకుని నడిచేది. పీర్ల పండుగ రోజుల్లో మలీద ముద్దలు, నేతి వాసన, దూరంగా డప్పులు. అక్క చేత చింతగింజలాట ఆడించేవాళ్లు, గింజలు ఏరాల్సింది కాలిన చేత్తోనే. బాలప్ప కావాలనే దొంగాట ఆడేవాడు. నెలల తరబడి నోరు విప్పని అక్క ఒక శుక్రవారం, "గా గింజలు నీ ధోతిల ఉన్నయ్ మామా, తియ్యి," అన్నది. "ఓయమ్మ, గీ పిల్ల పోలీసు పటేలు లెక్కున్నది," అన్నాడు బాలప్ప. చాప మీద అందరూ పడి పడి నవ్వారు.

ఆ చలికాలమే మా ఇంటి పడుగు పడింది. గంజి చల్లారు, కుంచెలు కదిలాయి. అంతమందిలో ఎవరూ చూడని తెగిన పోగు ఒకటి గడపలో నిలబడ్డ అక్క కంటబడింది. దిగి వచ్చి అతికించింది. వీధి పెద్ద నర్సప్ప తాత చూశాడు. "కాలిన చెయ్యి పడ్డది. ఇగ మేం ముట్టం," అన్నాడు. అంతే, వచ్చినవాళ్లందరూ కుంచెలు కింద పెట్టి అరుగులెక్కారు. ఏ శాస్త్రంలో ఉందయ్యా అది? పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్న నేను ఆ తర్వాత చేతికందిన ప్రతిదీ చదివాను, ఎక్కడా కనబడలేదు.

నాయిన కుంచె ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు, రెండో కొస పట్టేవాడు లేడు. తూర్పు ఎర్రబడింది. ఒకప్పుడు ఊరి మొహం చూడలేనని కూర్చున్న మా అమ్మ అప్పుడు కొంగు నడుముకు చుట్టి, అరుగుల ముందు నుంచే పరుగెత్తింది.

వచ్చింది, కచేరి మొత్తం వచ్చింది! ఖాసింబీ గాజుల చేతులు పైకి తోసుకుంటూ వచ్చింది, బాలప్ప పిండి చేతులతోనే వచ్చాడు, అతని పెళ్లాం వచ్చింది, వెనకాల మిగతావాళ్లు. ఒక్కరికీ ఆ పని తెల్వదు. బాలప్ప కుంచె పట్టి పాకం తిప్పినట్టు తిప్పితే పోగులు పటపట తెగాయి. "దువ్వు మామా, కలపకు. గది మిఠాయి గాదు," అని అక్క కేక పెట్టింది. ఆ కొస బిగించమని ఒకరికి, అడుగు తగ్గించమని ఒకరికి హుకుంలు జారీ చేస్తూ, సరిగ్గా కలవని వేళ్లకు తోడు పెదవులతో పోగు అందుకుని అతికిస్తూ, ఆ కొసకూ ఈ కొసకూ ఉరికింది. నేను వెనకాలే ఉరికి తెగిన పోగులు చూపించాను. ఎండ ఇంటి కప్పులు దిగి పడుగు మీదికి వచ్చేసరికి నాయిన అరచేయి ఆడించి చూశాడు. ఏ పోగుకా పోగు విడిగా లేచింది. నాయిన బాలప్పను గట్టిగా కావలించుకున్నాడు.

కొన్నాళ్లకు నర్సప్ప తాత ఇంటి పడుగు. పాత నూలేమో, తెగిన పోగు అతికేలోగా మరో పోగు తెగుతోంది. ఆయన కోడలు మా ఇంటికి ఉరికొచ్చి, జర వచ్చి అతికియ్యి లచ్చమ్మా అని బతిమాలింది. అక్క చింతగింజలు ఏరుతూ లేవలేదు. "ఒక్కదాన్ని రాను వదినా. మా కచేరి వస్తే వస్త. పోయి పిలువుమను తాతను," అన్నది. ఎండ ఎక్కుతోంది. నర్సప్ప తాత తలపాగా సర్దుకుని, వీధంతా చూస్తుండగా, ఖాసింబీ ఇంటి వైపు నడిచాడు.

ఆ వీధిలో ఇప్పుడు పడుగు పరిచే జాగా లేదు. మోటారు బండ్లు నిలబెట్టుకుంటున్నారు. అక్క లేదు, ఖాసింబీ లేదు, ఆమె ఇల్లున్న చోట సిమెంటు దుకాణాలు. కాలినవాళ్లు మాత్రం ఉన్నారు. దవాఖాన నుంచి మందుల సంచితో ఇల్లు చేరి తలుపులు వేసుకుంటున్నారు. ఇన్ని దవాఖానలు కట్టారు, ఇంతింత చదివారు, ఆ తలుపు తట్టడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.