మోటారు షెడ్డు రేకు మీద నా సొట్ట

ఆ రోజుల్లో కైకలూరు బస్టాండులో ఓ ఆడపిల్ల భుజాన బేస్‌బాల్ బ్యాట్ వేసుకుని దిగిందంటే, అక్కడున్న జనానికి సాయంత్రం దాకా సరిపడా కాలక్షేపం దొరికినట్టే. "ఏమ్మా, దుప్పట్లు ఉతకడానికా?" అని ఒకాయన అడిగేవారు. "వీధిలో కుక్కలు ఎక్కువైపోయాయి, మంచి పని చేశావమ్మా" అని ఇంకొకాయన మెచ్చుకునేవారు. మా అమ్మయితే దాన్ని రోకలి అనే పిలిచేది. "నీ రోకలి గుమ్మానికి అడ్డంగా పెట్టకే, వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు" అనేది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. (ఈ వయసులో ఒళ్ళు మండటం మంచిది కాదని మా డాక్టరుగారు అంటారు. ఆయన పొద్దున్నే టెన్నిస్ ఆడతారు కనక ఆ మాట నేను లెక్కలోకి తీసుకోను.)

నేనప్పుడు వట్లూరులో డిగ్రీ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ మా చేపల చెరువు మీద వాలే గూడబాతుల్ని మట్టిబెడ్డలతో తోలిన చెయ్యి నాది. కాలేజీలో మొదటిసారి బంతి విసిరితే వ్యాయామం మాస్టారు ఈల నోట్లోంచి తీసి, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అన్నారు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి జట్టులో చేరిపోయాను. రెండేళ్ళయ్యేసరికి రాష్ట్ర జట్టు సెలక్షన్‌కి నా పేరు పంపారు. సెలక్షన్ ఏలూరులోనే. వెళ్ళడానికి కావలసిందల్లా మా నాన్న ఊఁ అనడం. నాన్నకి చేపల మేత కొట్టు ఉండేది. తవుడు, వేరుశనగ చెక్క అమ్మేవారు. కొట్లో కాటా ముల్లు కదలడం ఆగేదాకా మనిషి ఊపిరి కూడా తీసేవారు కాదు. అలాంటాయన ఊఁ అనేలోపు మా గూడెం బావ ఊడిపడ్డాడు.

గూడెం బావంటే తాడేపల్లిగూడెంలో ఉండే మా మేనత్త కొడుకు. వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం. ఇంజనీరింగ్ చదివేవాడు. మా ఇంట్లో అతను చెప్పిందే వేదం. ఆ మధ్యే టెన్నిస్ నేర్చుకుని, ఎక్కడికెళ్ళినా రాకెట్టుని పసిబిడ్డలా చంకనేసుకుని తిరిగేవాడు. (దాన్ని మాత్రం మా అమ్మ చేట అనలేదు. "జాగ్రత్త నాయనా, తడి తగులుతుంది" అని తువ్వాలు ఇచ్చింది.)

"మావయ్యగారూ, అదేం ఆటండీ, అమెరికావాళ్ళ బిళ్ళంగోడు. అందులో వేగమేముందండీ? మా టెన్నిస్‌లో సర్వీసు కొడితే బంతి కంటికి ఆనదు," అన్నాడు, ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ. జీడిపప్పు అతని పళ్ళెంలో మాత్రమే ఉంది. అది వేరే కడుపుమంట.

"బ్యాటుకి తగిలిన బంతి ఎలా పోతుందో నువ్వెప్పుడైనా చూశావా బావా?" అన్నాను.

"చూడ్డానికేముందే, రోకలితో ఉల్లిపాయ కొట్టినట్టుంటుంది."

నేను లేచి నిలబడ్డాను. వేగంలో మా బ్యాట్ దెబ్బని మించింది ఈ భూమ్మీద లేదన్నాను. అతను సర్వీసే గొప్పదన్నాడు. నీకేం తెలుసంటే నీకేం తెలుసనుకున్నాం. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి, "ఉండండెహె. నోటితో తూకాలేంటి?" అన్నారు. తరవాత కాటా దగ్గర చెప్పినట్టే నెమ్మదిగా తీర్పు చెప్పారు. "ఆదివారం చెరువు మీదకి రండి. ఇద్దరూ ఒక్కసారే కొట్టండి. అమ్మాయి బంతి ముందెళ్తే సెలక్షన్‌కి అమ్మాయి వెళ్తుంది. అల్లుడి బంతి ముందెళ్తే బ్యాటు అటకెక్కుతుంది. తూకం తూకమే."

ఇదేం న్యాయమో మీరే చెప్పండి. అతని బంతి ఓడితే అతనికి పోయేదేమీ లేదు, మళ్ళీ ఉప్మా తిని గూడెం బస్సెక్కుతాడు. నా బంతి ఓడితే నా ఆటే పోతుంది. తవుడు బస్తాలా నన్ను కాటా ఎక్కించేశారు. ఆ రెండు రోజులూ నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే మా జట్టులో బంతి విసిరే అత్తిలి పిల్లని రప్పించాను. ఆ పిల్ల విసిరితే బంతి నిజంగానే కంటికి ఆనదు, కాకపోతే నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడదు. చెరువు మూల ఒక గట్టు మీద నేనూ, బావా పక్కపక్కన నిలబడ్డాం. అవతలి గట్టు మీద మా మోటారు షెడ్డు, దాని రేకు గోడే మా గురి. నాన్న షెడ్డు పక్కన గొడుగు వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని నిలబడ్డారు. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చెయ్యడానికి అంత యాతన. నేను కొట్టినప్పుడు బావ బంతి ఇంకా గాల్లోనే ఉండేది. బావ కొట్టినప్పుడు నా బ్యాట్ గాలిని కొట్టేది. ఇద్దరం కొడితే ఒకటి రేకుకి, ఒకటి నీళ్ళలోకి. కాపలా అతను దోనె మీద తిరుగుతూ బంతులు ఏరుతున్నాడు, చేపలు మేతేమోనని వాటి వెంట పడుతున్నాయి. షెడ్డు మాత్రం దడదడా మోగుతూనే ఉంది. "మళ్ళీ," అనేవారు నాన్న. "ఇది తూకానికి రాదు. మళ్ళీ."

చివరికి ఒకసారి ఇద్దరి దెబ్బా కలిసింది. చేతికి తెలుస్తుంది చూడండి, బంతి బ్యాట్ మధ్యలో పడితే బరువే ఉండదు. అలా పడింది. అవతల ముందు టప్‌మని చిన్న చప్పుడు, ఆ వెంటనే ధనామని షెడ్డు అదిరిన చప్పుడు. టప్‌మన్నది బావది. అది ముందు వినబడింది. నాకూ వినబడింది, కానీ వినబడలేదని అనుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

నాన్న గొడుగు ముడిచి నోరు తెరిచేలోగా గట్ల మీద కేకలు. మా కొల్లేటి చెరువుల మీద ఒక కట్టుబాటుంది. గట్టుకి గండి పడితే మోటారు షెడ్డు రేకుల మీద ఆగకుండా బాదాలి. ఆ చప్పుడు విన్నవాళ్ళు, మాటల్లేని పగవాళ్ళయినా సరే, పారలూ ఇసుక బస్తాలూ పట్టుకుని పరిగెత్తుకు రావాలి. ఈ సంగతి మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాన్నకి మాకంటే బాగా తెలుసు. అయినా ఆ పొద్దున మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నాలుగు వైపుల నుంచీ జనం వచ్చేస్తున్నారు. మోకాళ్ళ దాకా బురదతో ఉన్నారు. పక్క చెరువు మామ్మగారు అంత వయసులో బస్తా నెత్తినెట్టుకుని అందరికంటే ముందొచ్చారు.

"గండెక్కడ బాబూ?" అన్నారు ఆవిడ రొప్పుతూ.

"గండి లేదండీ," అన్నారు నాన్న.

"మరి రేకులు?"

"పిల్లలు బంతులాడుతున్నారండీ."

మామ్మగారు బస్తా కిందికి దింపి దాని మీదే కూలబడ్డారు. "పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చాను బాబూ," అన్నారు మెత్తగా. మా వైపు మెత్తగా అన్నారంటే తిట్టినదానికంటే ఎక్కువని అర్థం. నాన్న మొహం చూడలేకపోయాను. వచ్చినవాళ్ళందరికీ ఇడ్లీలూ టీలూ తెప్పించారు. పందెం సంగతంతా విన్నాక మామ్మగారు టీ ఊదుకుంటూ, "ఆ అమ్మాయి దెబ్బ మా చెరువు దాకా వినబడిందండీ. అబ్బాయిది ఇక్కడున్నోళ్ళకైనా వినబడిందా?" అన్నారు. అందరూ నవ్వారు. బావ రాకెట్టు తీగలు సర్దుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

నాన్న మాత్రం నవ్వలేదు. "పందెం వేగానికండీ, చప్పుడుకి కాదు. అల్లుడిది ముందు తగిలింది. నా కళ్ళతో చూశాను," అన్నారు. కన్నకూతురు ఎదురుగా నిలబడి ఉంటే, ఊరంతా దాని పక్షాన మాట్లాడుతుంటే, ఒక్క వెంట్రుకవాసి మొగ్గని ఆ మనిషిని ఏమనాలి? నేను షెడ్డు వైపు కూడా చూడకుండా ఏడుస్తూ ఇంటికి వచ్చేశాను. బ్యాట్ నేనే అటకెక్కించాను, అమ్మ చేతికి ఆ పుణ్యం దక్కకూడదని.

సెలక్షన్ రోజు పొద్దున్నే నాన్న మేత వ్యాన్ తీసి హారన్ కొట్టారు. "ఏలూరులో పనుంది. నీ రోకలి తీసుకుని ఎక్కు," అన్నారు.

"పందెం ఓడిపోయాను కదా."

"వేగంలో ఓడిపోయావు. అక్కడ వాళ్ళు ఏం చూస్తారో నాకేం తెలుసు? ఎక్కు."

అటక మీంచి బ్యాట్ ఎలా దింపానో గుర్తులేదు. జట్టులోకి తీసుకున్నారు కానీ, తరవాత జరిగిన టోర్నమెంటంతా నన్ను బెంచీ మీదే కూర్చోబెట్టారు. (ఎందుకో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అడిగి చెప్పించుకునే ఓపిక నాకింకా ఉంది.) తిరిగొచ్చేసరికి ఆ షెడ్డు రేకు మీది నా సొట్ట మా చుట్టుపక్కల పెద్ద వింతయిపోయింది. నా పిడికిలి పట్టేంత లోతట. మేతకొచ్చిన ప్రతివాణ్ణీ నాన్న చెరువు దాకా తీసుకెళ్ళి, "మా అమ్మాయి కొట్టిందండీ" అని చూపించేవారు. బావ కూడా వచ్చి చూసి, ఉప్మా అయినా తినకుండా గూడెం వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతాయి. ప్రపంచంలో ఎంత గట్టిగా కొట్టిన బేస్‌బాలైనా అందరికంటే గట్టి సర్వీసు ముందు తక్కువేనట. ఈ వార్త బావ ఏటా ఒకసారి నాకు పంపిస్తాడు, పండక్కి శుభాకాంక్షలు పంపినట్టు. సరే, కాదనను. కానీ టెన్నిస్‌లో బంతిని తనే తీరిగ్గా ఎగరేసుకుని, అది తనకు నచ్చినచోటికి వచ్చాక తనే కొట్టుకుంటాడు. నా బంతిని ఎదుటివాడు నన్ను ఓడించాలని పళ్ళు కొరుకుతూ విసురుతాడు. పైగా నాది బరువైన బంతి. ఆ రెంటికీ పోలికేమిటండీ అసలు? ఇదే మాట రాసి, చివర "సొట్ట చూసుకో" అని కలిపి పంపిస్తాను. అక్కడితో బావ నోరు పడిపోతుంది.

పోయిన వేసవిలో షెడ్డు పడగొట్టి కొత్తది కట్టారు. పాత రేకులన్నీ అమ్మేసి నా రేకు మాత్రం నాన్న ఇంటికి తెచ్చి వసారాలో గోడకి ఆనించారు. తీరిగ్గా దగ్గర నుంచి చూడటం నాకదే మొదటిసారి. చూస్తే సొట్ట అంచున బిళ్ళలు బిళ్ళలుగా గుర్తులున్నాయి.

"నాన్నా, ఇవి సుత్తి గుర్తులు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సొట్ట నీదేనమ్మా. కాకపోతే కాస్త పైపైన పడింది. వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడేది కాదు. నిన్ను ఏలూరులో దింపేసి వచ్చి రెండు దెబ్బలు వేశాను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ సొట్ట చూసుకునే నేను బావతో పోట్లాడాను. "ఆ రోజు తూకం తూకమే అన్నారు. ఊరంతా చెప్పినా వినలేదు. ఇదేమిటి మరి?"

"తూకం వేసినప్పుడు తూకమే," అన్నారు నాన్న, ఏమాత్రం తడబడకుండా. "వేశాక కొసరు వెయ్యకపోతే ఎలాగమ్మా?"

ఆయన లోపలికి వెళ్ళాక సొట్టలో పిడికిలి పెట్టి చూసుకున్నాను. కొసరుతో కలిపి సరిగ్గా పట్టింది. ఆ బస్టాండులో బ్యాట్ భుజానేసుకుని అందరి మీదా రుసరుసలాడుతూ దిగిన పిల్ల ఇది చూస్తే ఎన్ని మాటలనేదో, అనుకుంటే నవ్వొచ్చింది. గూడెం బావకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పకండి.