పందెం కోసం రెండో పెళ్లి

మా ఆవిడను నేను రెండుసార్లు పెళ్లి చేసుకున్నాను. మొదటిసారి మా నాన్న చెప్పాడని. రెండోసారి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, ఒక పరుగు పందెంలో పేరు ఇవ్వడం కోసం. ఆ రెండో పెళ్లి వల్ల నా పరువు ధర్మపురి బస్టాండు నుంచి కోర్టు వీధి దాకా ఎట్లా ఊరేగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పట్లో మాత్రం నవ్వినవాళ్ల ఇళ్లలో శుభకార్యాలకు పోవడం మానేశాను.

డెబ్బైల మొదట్లో మాట. అప్పుడు నేను కుర్రవాణ్ణి, యాభై ఆరేళ్లు. అరవదేశంలోని మా ధర్మపురిలో చింతపండు మండీ నడిపేవాణ్ణి. వేంకటపతి నాయుడి మండీ అంటే సేలం వర్తకులకు కూడా తెలుసు. మా అమ్మాయి లలితను పాపారపట్టిలో ఇచ్చాము. వియ్యంకుడు కిష్టప్ప నాయుడు భూములున్న రైతు. ఆయనలో ఒకే ఒక్క లోపం ఉంది. ఎంత వెతికినా లోపం దొరకదు. పొట్ట లేదు. పళ్లన్నీ ఉన్నాయి. కోపం రాదు. అటువంటి మనిషితో వియ్యం అందుకోవడం ఎంత కష్టమో అందుకున్నవాడికే తెలుస్తుంది.

ఏటా గణతంత్ర దినం నాడు మా ఊరి కుర్రాళ్ల సంఘం ఒకటి పెద్దవాళ్లకు పరుగు పందెం పెట్టేది. నల్లంపల్లిలో మొదలుపెట్టి, పెద్ద రోడ్డు మీద లారీల పక్కగా పరుగెత్తి, ధర్మపురిలో స్కూలు మైదానం చేరాలి. అరవై నిండినవాళ్లకే ప్రవేశం. కిష్టప్ప నాయుడు అరవై నిండగానే వెళ్లాడు, గెలిచాడు. మరుసటి ఏడు గెలిచాడు. ఆ పై ఏడూ గెలిచాడు. దాంతో నా నిద్ర పోయింది.

ఎందుకంటారా? ముప్ఫై ఏళ్లుగా నా పేరు మీద నడుస్తున్న మండీకి వచ్చి, సరుకు ముట్టుకోకముందే జనం అడిగే మాట ఇది:

“మీరు పరుగు నాయుడికి సమ్మంధి కదా?”

నా పేరు పోయింది. బజారులో నేను ఇంకొకరి వియ్యంకుణ్ణి. ఇంట్లో అయినా ఊరట ఉందా అంటే, మా ఆవిడ రుక్కమ్మ ఆయన్ని మెచ్చుకోవడానికే పుట్టినట్టు ఉండేది.

“పాపారపట్టి నుంచి నడిచి వచ్చినారు సమ్మంధిగారు. ఒక్క చెమట చుక్క పట్టలే చూడండి.”

“చెమట పట్టకపోతే అది జబ్బు. డాక్టరుకు చూపించుకోమను.”

“మీరు మేడమెట్లు ఎక్కితేనే మూడుచోట్ల కూర్చుంటారు. మీరు చెప్పొచ్చినారు!”

అసూయ అని దీన్నే అంటారు. నేను మాత్రం ఆరోగ్యం మీద శ్రద్ధ అని పేరు పెట్టి పరుగు మొదలుపెట్టాను. తెల్లవారుతూనే పంచె పైకి కట్టి, తలకు తువాలు చుట్టి నల్లంపల్లి దారి పట్టేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఊళ్లో పెద్దమనిషి పరుగెత్తితే దానికి ఏదో ఒక కారణం ఉండి తీరాలి. మొదటిరోజు పాలవాడు సైకిలు ఆపి “ఎవరు పోయినారు నాయుడూ?” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండోరోజు బెంగళూరు బస్సు నా కోసం ఆగింది. కండక్టరు చేయి చాపి, నన్ను లోపలికి లాగి, టికెట్టు కూడా కొట్టేశాడు. వాణ్ణి ఒప్పించి దిగేసరికి బస్సు నన్ను ఎక్కించుకున్న చోటుకు చాలా దూరంలో ఉన్నాను. అక్కణ్ణుంచి ఇంటికి పరుగెత్తక తప్పలేదు. నా కాళ్లకు బలం వచ్చింది ఆరోజే అనుకుంటాను.

నెలలు గడిచేకొద్దీ పొట్ట తగ్గింది. ఆయాసం పోయింది. నల్లంపల్లి దాకా ఆగకుండా పోయి రాగలిగాను. నిజం చెబుతున్నాను, బాగా పరుగెత్తేవాణ్ణి. కిష్టప్ప నాయుణ్ణి ఓడించగలను అని నాకు గట్టిగా తెలిసిపోయింది. ఒక్కసారి ఓడిస్తే చాలు, నా పేరు నాకు తిరిగి వస్తుంది. అడ్డం ఒకటే. నాకు అరవై రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉన్నాయి. ఆ నాలుగేళ్లూ ఆయన గెలుస్తూనే ఉంటాడు, నేను చప్పట్లు కొడుతూనే ఉండాలి.

ఉండలేకపోయాను. పందెం చూసుకునే డ్రిల్లు మాస్టరు దగ్గరికి పోయి పేరు ఇచ్చాను. ఆయన మాట్లాడేది అరవం. మీ కోసం తెలుగులో చెబుతాను.

“వయసు ఎంతయ్యా?”

“అరవై నిండింది.”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “యాభై కూడా ఉన్నట్టు లేదే.”

ఇంకో రోజు ఆ మాట అని ఉంటే ఆయనకు మంచి చింతపండు ఒక బుట్ట పంపించేవాణ్ణి. ఆరోజు మాత్రం ఒళ్లు మండింది. “నా వయసు నాకు తెలియదా?” అన్నాను.

“అది కాదయ్యా. అరవై నిండితే షష్టిపూర్తి చేసుకుంటారు కదా. ఊరందరికీ భోజనం పెట్టే మీరు నాకు చెప్పకుండా చేసుకున్నారా అని.”

అక్కడ నోరు మూసుకొని వచ్చేసి ఉంటే ఈ కథ లేదు. “ఇంకా కాలేదు. ఈ నెలలోనే చేసుకుంటున్నాను” అనేశాను.

వెనక నుంచి ఒక చేయి నా భుజం మీద పడింది. తనూ పేరు ఇవ్వడానికి వచ్చిన కిష్టప్ప నాయుడు!

“ఏమి సమ్మంధీ! ఇంత మంచి మాట మాతో చెప్పకుండా దాచిపెట్టినారే! మీరు ఒక్కరూ కష్టపడొద్దండి. పెండ్లిపనులు అన్నీ నేను చూసుకొంటాను.”

“అయ్యో, చిన్నగా గుళ్లో…”

“చిన్నగానా? మా కోడలికి నాయన మీరు. ఊరుకొంటామా?”

నేను ఇల్లు చేరేలోపలే పాపారపట్టిలో సగం మందికి కబురు అందింది. అబద్ధం చెప్పానని ఇప్పుడు ఒప్పుకోవాలంటే మగపెళ్లివారి ముందు ఒప్పుకోవాలి. లలిత ఆ ఇంట్లో తల ఎత్తుకొని తిరగవద్దా? రుక్కమ్మకు విషయం చెప్పాను. ఆమె చేతిలో ఉన్న గరిటెను కాసేపు చూసి కింద పెట్టింది. ఆ సంయమనానికి ఈనాటికీ రుణపడి ఉన్నాను.

“ఒకసారి చేసుకొనిందానికే ఇంత అనుభవిస్తా ఉండాను. మళ్లీనా?” అంది.

పురోహితుడికి నేను పుట్టిన సంవత్సరం కావాలి. జాతకం చెదలు తిన్నదని చెప్పి, అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వచ్చే సంవత్సరం పేరు వేళ్లు మడిచి లెక్కపెట్టి అప్పగించాను. నా జన్మనక్షత్రం చూసి ఆయన ముహూర్తం పెట్టాడు. సరిగ్గా పందేనికి ముందురోజు!

అంతా కుదిరింది అనుకుంటుంటే మా రంగక్క వచ్చి దిగింది. నాకంటే రెండేళ్లు పెద్దది. ఊరి చివర వినిపించే గొంతు. గడపలోనే నిలబడి అడిగింది.

“ఏమిరా చిన్నోడా, నీకు అరవై అంట? నాకే ఇంకా యాభై ఎనిమిది. నన్ను ఎప్పుడు దాటుకొని పోయినావురా?”

ఆమెను చేయి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయాను. “అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. రెండు దినాలు నాకు చెల్లెలుగా ఉండు.”

“చిన్నోళ్లంతా పెండ్లికొడుక్కు మొక్కల్ల. నా చంకలో ఉచ్చ పోసినోడి కాళ్లకు నేను మొక్కల్లనా?”

“మొక్కొద్దులే. మొక్కేటప్పుడు నువ్వు పాయసం చూసుకుంటున్నావని చెబుతాను.”

కొంగు నడుముకు దోపుకుంది. “సరే, ఆడదానికి వయసు తగ్గితే చేదా? ఎంత చెప్పమంటావు నన్ను?”

“నీ ఇష్టం.”

ఆమె పందిట్లోకి పోయి ఆడవాళ్లందరికీ యాభై నాలుగు అని చెప్పుకుంది. ముఖంలో కళ కూడా వచ్చింది.

పెళ్లిరోజు పొద్దున్నే హోమం పొగలో కూర్చోబెట్టారు. ఆ పైన కలశాల నీళ్లు. జనవరి చలిలో మా ధర్మపురి బావినీళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలియదు. ఒక్కొక్క బంధువూ వచ్చి ఒక్కొక్క కలశం నెత్తిన పోసి, దీవించమని వంగడం. నాకంటే పెద్దవాళ్లు కొందరు కూడా వంగారు. వాళ్లను దీవించేటప్పుడు కళ్లు మూసుకున్నాను. చలికి పళ్లు టకటక కొట్టుకుంటుంటే రుక్కమ్మ మెడలో తాళి కట్టాను. “ముడి గట్టిగా వేయండి. మళ్లీ పందెం వస్తే ఇంకోసారి కట్టల్ల కదా” అని ఆమె నా చెవిలో గొణిగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కిష్టప్ప నాయుడు స్వయంగా నా విస్తరి ముందు నిలబడ్డాడు. బొబ్బట్టు మీద బొబ్బట్టు, దాని మీద నెయ్యి.

“తినండి సమ్మంధీ. పెండ్లికొడుకు వద్దనకూడదు.”

“మీరూ కూర్చోండి మరి.”

“నాకు రేపు పందెం ఉంది కదండీ. ఇంత మజ్జిగన్నం తిని పడుకొంటాను.”

నాకూ పందెం ఉందని అందామనుకున్నాను. నోట్లో బొబ్బట్టు ఉంది.

మరునాడు పొద్దున నల్లంపల్లిలో గీత దగ్గర నిలబడేసరికి తల బరువు, ముక్కు దిబ్బడ, కడుపులో నిన్నటి పెళ్లి. ఈల ఊదారు. కిష్టప్ప నాయుడు పొలం గట్టు మీద పోయినంత తేలికగా ముందుకు పోయాడు. నేను తుమ్ముకుంటూ వెనక. తుమ్మినప్పుడల్లా పక్కన పరుగెత్తే ముసలాయన “చిరంజీవ” అని దీవిస్తూ వచ్చాడు. సగం దారిలో ఆయన వెనక మిగిలిపోయాడు. ఇంకొందరు మిగిలిపోయారు. ఊరు కనబడేసరికి నా ముందు ఉన్నది ఒక్క వీపే. ఆ వీపును మూడేళ్లుగా కలలో చూస్తున్నాను.

చివరి ఎత్తులో ఆయన వేగం తగ్గింది. ఊపిరి గర్రుమని వినిపించింది. పాపం, ఆయనకు నిజంగానే అరవై దాటాయి కదా, అయ్యో అనిపించింది. ఆ అయ్యో ఒక్క అడుగు సేపే. మైదానం గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన పక్కకు చేరాను. ఇద్దరం సమంగా ఉన్నాము. జనం అరుస్తున్నారు. ఇంకొక్క పదడుగులు వేస్తే నేను వేంకటపతి నాయుణ్ణి అయిపోతాను.

అప్పుడు వినిపించింది, గోడ పక్కన ఆడవాళ్ల మధ్యనుంచి మా రంగక్క గొంతు. తమ్ముడి మీద ప్రేమ పొంగి లేచి నిలబడిపోయింది మహాతల్లి.

“పరుగెత్తరా చిన్నోడా! నీకు యాభై ఆరేరా! ఆ ముసలాయన ఒక లెక్కనా నీకు! దాటుకో!”

దాటాను. రిబ్బను నా రొమ్ముకే తగిలింది. చేతులు పైకెత్తి చూస్తే నా వైపు చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. డ్రిల్లు మాస్టరు రంగక్క వైపు నడుస్తున్నాడు.

“అమ్మా, ఆయనకు ఎంత వయసు అన్నారు?”

రంగక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ పైన దిద్దబోయింది. “అయ్యో, తప్పు చెప్పినాను. వానికి అరవై. నాకే యాభై నాలుగు.”

“చిన్నోడా అన్నారే?”

“నాకు తమ్ముడు కదయ్యా, అట్లనే పిలుస్తాను!”

మైదానం మొత్తం నవ్వింది. ముందురోజు నాకు మొక్కిన పెద్దవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్లు నన్ను చూసిన చూపు హోమం కంటే వేడిగా ఉంది. పందెం నుంచి నన్ను తీసేశారు. గెలుపు యథాప్రకారం కిష్టప్ప నాయుడిదే.

ఆ ఏడు బహుమతి ఎవర్‌సిల్వర్ బిందె, అంటే స్టీలుది. దాన్ని పైకెత్తి చూపిస్తే మెడ మీద అప్పటికే ‘కిష్టప్ప నాయుడు’ అని అందంగా చెక్కి ఉంది. నేను ఆగలేక డ్రిల్లు మాస్టరును అడిగాను.

“ఇప్పుడే కదండీ పందెం అయింది. పేరు ఎప్పుడు చెక్కించారు?”

“పోయిన వారమే. ఏటా ఆయనే కదా, ఆలస్యం ఎందుకని.”

కిష్టప్ప నాయుడు బిందె అందుకొని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. ఊరందరి ముందు, లలిత ముందు, దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

“సమ్మంధీ, పనుల్లో పడి నిన్న మీ పెండ్లికి కానుక ఇయ్యలే. ఇది పెట్టుకోండి.”

మగపెళ్లివారు ఇచ్చిన కానుక వద్దనడానికి లేదు. తీసుకొని, గొంతు తగ్గించి, “మీకు కోపం లేదా? అబద్ధం చెప్పాను కదా” అన్నాను.

“మీకు అరవై కాలేదని మా కోడలు అప్పుడే చెప్పింది. పోనీ, సమ్మంధికి పెండ్లి ముచ్చట ఇంకా తీరలేదేమో అనుకొన్నాను.”

ఇంత తెలిసీ నా నెత్తిన అన్ని కలశాలు పోయించిన మనిషిని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. నాలుగేళ్ల తరువాత నాకు నిజంగా అరవై నిండింది. “చేసుకొన్న పెండ్లిళ్లు చాలు” అని రుక్కమ్మ ఆరోజు చారూ అన్నమూ వండి పెట్టింది. ఇంట్లో తాగేనీళ్లు మాత్రం ఆ బిందెలోనే. అది బాగుందని ఆమె వేరే బిందె వాడదు. దాహం వేసినప్పుడల్లా నేను మా వియ్యంకుడి పేరు చదువుకొని గుటక వేయాలి.

అందుకని చదివేవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పందెం కోసం వయసు పెంచను, వయసు కోసం పెళ్లి చేసుకోను, ఏ పెళ్లికీ మా అక్కను చెల్లెలుగా పిలవను. బిందె మీద చేయి పెట్టి మరీ చెబుతున్నాను. పేరు లేని వైపు.