పది వేళ్ళకు పసుపు

నిన్న మా పాప మోకాలికి కట్టు కడుతుంటే, తెల్ల టేపు వాసనకి ఫెలిక్స్ అంకుల్ గుర్తొచ్చారు.

నా చిన్నప్పుడు అమెరికాలోని అరోరాలో మా కింది అపార్ట్‌మెంట్ ఆయనది. అమ్మానాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా నన్ను ఆయన దగ్గరే ఉంచేవారు. ఆయన ఒకప్పుడు న్యూయార్క్‌లో పెద్ద లాటిన్ జాజ్ బ్యాండ్లలో, ఉత్త చేతులతో వాయించే కాంగా డ్రమ్ములు వాయించారట. గోడ నిండా ఆ ఫొటోలే. నాకు తెలిసేనాటికి శుక్రవారాలు మాత్రమే ఒక రెస్టారెంట్‌లో వాయించేవారు. ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. ఫోన్ మోగడం కూడా నేనెప్పుడూ వినలేదు.

షోకి వెళ్ళేముందు ఆయన వేళ్ళన్నిటికీ తెల్ల టేపు చుట్టుకునేవారు. అక్కడెవరో ఆయన్ని కొడుతున్నారని నా అనుమానం. ఒక శుక్రవారం మా ఇంట్లోకి పరుగెత్తి, గిన్నెలో పసుపు తడిపి తెచ్చాను.

"టేప్ తీసెయ్యండి అంకుల్. ఇది రాస్తే తగ్గిపోతుంది," అన్నాను.

ఆయన ఏదో చెప్పబోయారు. గడియారం చూశారు, నా మొహం చూశారు, చుట్టిన టేపంతా విప్పేశారు. కుడిచేతి వేళ్ళకి ఒక్కొక్కదానికీ పసుపు రాస్తుంటే కదలకుండా కూర్చున్నారు.

అంతలో అమ్మ వచ్చింది. "అయ్యో, ఏంటే ఈ పని! అవి దెబ్బలు కాదే. వాయించేటప్పుడు వేళ్ళు పగలకుండా ముందే చుట్టుకుంటారు," అని, ఆయనవైపు తిరిగి, "సారీ ఫెలిక్స్, షోకి లేట్ చేసేసింది," అంది.

"ఇంకా ఎడమ చెయ్యి ఉంది," అన్నారాయన, దాన్ని నా ముందుకు చాపుతూ.

నిన్న కట్టు కట్టడం అయ్యాక మా పాప, దెబ్బ తగలని రెండో మోకాలు కూడా నా ఒళ్ళో పెట్టింది. ఫెలిక్స్ అంకుల్ ఆ రోజు ఎడమ చెయ్యి ఎందుకు చాపారో నాకు అప్పుడు అర్థమైంది.