అవ్వ కదలని గొర్ల ఆట

ఇనుండ్రి, ఆదివారం నా ఇజ్జత్ మొత్తం పోయింది! తీసింది ఎవరో కాదు, మా అవ్వ.

నేను షాద్‌నగర్ల ఉంటూ ఫోన్ గేములు చేసే చిన్న కంపెనీల పనిచేస్తున్న గదా. ఈసారి గొర్ల ఆట డిజైన్ నాకు అప్పజెప్పిండ్రు. నలుగురు నాలుగు ఫోన్లల్ల ఆడాలె. ఎవరి మందను వాళ్లు దొడ్డికి తోలాలె. నడుమ తోడేలొచ్చి గొర్లను ఎత్కపోతది. అందరికీ సమానంగ తోడేళ్లు పెట్టిన. ఇన్సాఫ్ ఉండాలె కదా!

రామన్నపేటకు పోయి మా ఇంట్ల ఆడిపించిన. బాపు అయిదుసార్లు ఓడి, ఫోన్ మంచం మీద పడేసిండు. "గిదేం ఆటనే! ఆడబుద్ధే అయితలేదు."

నిజమే, ఇన్సాఫ్ ఉంది గని మజా లేదు. అందుకని ఎవ్వరికీ చెప్పకుండ ఒక రూల్ పెట్టిన. సగం ఆట కాడ ఎవరు వెనుకబడ్డరో, ఆఖరిదాక వాళ్ల జోలికి తోడేలు రాదు. గొర్లు డబుల్ స్పీడ్‌ల ఉరుకుతయి. ఈసారి బాపు గెలిచిండు! ఇల్లంత నవ్వులే. నా అంత తెలివిగలది లేదనుకున్న.

ఆదివారం మా కంపెనీ సార్ రామన్నపేటల మా ఇంటికే వచ్చిండు. "ఇంటోళ్లు ఆడుతుంటే చూస్త. నచ్చితే రిలీజ్ చేద్దాం" అన్నడు. అవ్వ, బాపు, అమ్మ, చిన్నమ్మ కూసున్నరు. స్టార్ట్ కొట్టిన.

ముగ్గురు తోలుతుండ్రు, అవ్వ మాత్రం కదలదు!

"అవ్వా, తోలు!"

"జర ఆగు బిడ్డా."

సగం ఆట కాంగనే వేలు పెట్టింది. మిగిలినోళ్ల గొర్లను తోడేళ్లు పీకుతుంటే, అవ్వ మంద రయ్యిన పోయి దొడ్ల పడ్డది. రెండోసారీ గంతే. మూడోసారీ గంతే!

సార్ నోరు తెరిచిండు. "ఎట్ల గెలుస్తున్నవ్ అవ్వా?"

"ఏమున్నది సార్? మొన్న వీళ్లు ఆడంగ సూసిన, ఎనుకబడ్డోళ్లను గీ తోడేలు ముడ్తలేదు. అసలు తోడేలైతే ఎనుకబడ్డ గొర్రెనే ముందుగాల పడ్తది. ముప్పై ఏండ్లు కాసిన, నాకెరుక. గీ ఆట చేసినోళ్లు గొర్లను సూడనే లేదు."

మాట మార్చనీకి మళ్ల స్టార్ట్ కొట్టిన.

నాలుగో ఆట మొదలైంది. ఒక్కరు కదిలితే ఒట్టు! నలుగురూ ఫోన్లు పట్టుకొని బొమ్మల లెక్క కూసున్నరు. గొర్లు నిలవడ్డయి. తోడేలు గూడ ఎదురుచూస్తాంది.

"ముందు నువ్వు కదులు బావా" అన్నది చిన్నమ్మ.

"నేనెందుకు కదుల్త? నువ్వే కదులు!" అన్నడు బాపు.

సార్ నా దిక్కు తిరిగిండు. "ఇంత కష్టపడి ఎవ్వరూ ఆడని ఆట చేసినవా తల్లీ?"

పోయేటప్పుడు సార్ అన్నడు, "రేపు పదింటికి మీటింగ్. అవ్వను తోల్కరా."

"మరి నేను సార్?"

"నువ్వు గూడ రా. అవ్వకు తోవ తెల్వదు కదా!"

పొద్దుగాల ఉరికి, బస్సుల అవ్వకు కిటికీ సీటు ఆపిన. గా పనిల మాత్రం ఫెయిల్ కాలే!