పిట్ట ముట్టని విస్తరి

మా బావ ఒక ముచ్చట మొదలుపెడితే, మంచిర్యాలలో ఎక్కిన బస్సు కరీంనగర్ చేరినా ఆ ముచ్చట ఇంకా పెద్దపల్లి దాటేది కాదు. ఆయన మా అక్క మొగుడు, నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. నేను రాసే హాస్యానికి మొదటి శ్రోత ఆయనే. ఆయన నవ్వితే మా గోడ మీది బల్లి పట్టు తప్పి కింద పడేది. ఒకసారి కాదు, నా లెక్కన పదకొండు సార్లు పడింది.

ఆ రోజుల్లోనే నేను పెద్ద ఫోన్ కొన్నాను. పెద్దదంటే మా వంటింటి కిటికీ తలుపంత. కొత్త బండికి చేయించినట్టు కొండగట్టు తీసుకుపోయి దానికీ పూజ చేయిద్దామన్నాను. మా ఆవిడ చూసిన చూపుకు ఆ యాత్ర గడప దగ్గరే ఆగిపోయింది. వారం తిరిగేసరికి అన్నం ఎడమ చేత్తో తినడం వచ్చేసింది, కుడి చేతికి తీరిక లేక. పేపర్లో ఫోటో చిన్నగా ఉందని రెండు వేళ్లతో సాగదీసి కాగితం చింపాను. స్నానాల గదిలోకి దాన్ని తీసుకుపోతే మా ఆవిడ బయటి నుంచి "లోపల ఇద్దరున్నరా?" అని అడిగేది.

తర్వాత బావ కూడా ఒకటి కొన్నాడు. అంతకుముందు ఆదివారం పొద్దున ఆయన ఫోన్ వచ్చిందంటే మధ్యాహ్నం కూర మాడేది. ఇప్పుడు ముచ్చట్ల బదులు రోజూ ఒక గులాబీ పువ్వు బొమ్మ రాసాగింది. నేను బొటనవేలి బొమ్మ పంపేవాణ్ణి. ఆ రెండేళ్లలో నా బొటనవేలు నస్పూర్‌కు కొన్ని వందల సార్లు పోయింది. నేను రెండుసార్లు పోయాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం బావ చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. చేతిలో పసుపురంగు కవరు, తలుపంత ఉంది.

"ఏం బామ్మర్దీ, మంచిగున్నవా?"

"రా బావా, కూసో. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషంలో గోదావరి ఎండి మళ్లీ నిండి ఉంటుంది. నేను తల ఎత్తలేదు.

"నీతోటి ఓ ముచ్చట చెప్పాలె."

"చెప్పు బావా, వింటున్న. ఆ కవరు జర పక్కకు వెట్టు, కింద చార్జర్ వైరున్నది."

కవరు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు వింటున్నవా, అది వింటున్నదా?"

"ఇద్దరం వింటున్నం."

ఆయన నవ్వాడు. బల్లి పడలేదు. సరిగ్గా అప్పుడే నాకొక మంచి మాట తట్టింది, వెంటనే స్టేటస్ పెట్టాను. 'చెప్పకుండ వచ్చే చుట్టానికి గూడ సైలెంట్ బటన్ ఉంటే ఎంత మంచిగుండు.' క్షణాల్లో జనం నవ్వడం మొదలైంది. ఆ నవ్వులు లెక్కపెడుతుంటే బావ చాయ్ తాగి లేచాడు.

"పోతున్న, నాలుగింటి బస్సు దొరుకుతది."

"ఏదో ముచ్చటన్నవ్?"

"ఏం లేదు తియ్యి. మళ్ల చెప్త."

సాయంత్రం బస్సులోంచి ఆయన నవ్వు కూడా వచ్చింది. కళ్లవెంట నీళ్లు కారుతూ నవ్వే పసుపు మొహం. అది ఏ మాటకు నవ్విన నవ్వో ఆలోచించకుండా దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను.

ఇరవై రోజులకు బావ పోయాడు. డ్యూటీకి పోతూ చెప్పులు వేసుకుంటూ అరుగు మీదే ఒరిగిపోయాడు.

నస్పూర్‌లో అక్క ఇంట్లో బీరువా మీద ఆ పసుపు కవరు కనిపించింది. గుండె రిపోర్టులు. అక్క నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "ఆపరేషన్ జెయ్యాలన్నరు తమ్మీ. మస్తు భయపడ్డడు. బామ్మర్ది పక్కన ఉంటనంటే చేయించుకుంట అని నీ తానికే వచ్చిండు. మళ్లొచ్చినంక అడిగితే, బామ్మర్ది ఫికర్ జెయ్యకు అన్నడు, తొందర లేదన్నడు అని చెప్పిండు. నువ్వు చెప్పినవని నేను గూడ ఊకున్న."

నేను ఆ మాట అనలేదు. ఆయన నన్ను కాపాడటానికి కల్పించాడు. నేను నోరు తెరవలేదు.

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, మటన్ కూర, పక్కన కల్లు, ఒక బీడీ కట్ట. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాని మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. తుమ్మచెట్టు మీద కాకి ఉంది. వీడియో తీయడానికి ఎనిమిది ఫోన్లు లేచాయి, తొమ్మిదోది నాది.

"ఆ డబ్బాలు లోపల వెట్టుండ్రి!" అని బావ పెద్దమ్మ అరిచింది. "పిట్ట ఏమన్న పెండ్లికి వచ్చిందా?"

ఫోన్లు జేబుల్లోకి పోయాయి. కాకి దిగలేదు. మేక పేగుల బోటి కూర తెచ్చి పెట్టారు, దిగలేదు. ఎండ నెత్తికెక్కింది.

"వాని మనసుల ఏదో ఉన్నది," అంది పెద్దమ్మ. "ఎవలకన్న ఎర్కుంటే బయటికి చెప్పుండ్రి."

నేను విస్తరి ముందు కూర్చున్నాను.

"బావా, ఆ దినం నువ్వు ముచ్చట చెప్తనన్నవ్. నేను విన్లే. ఫోన్ చూసుకుంట కూసున్న. తొందర లేదని నేను అనలే అక్కా. ఆయనను అసలు నోరే తెరవనియ్యలే."

కాకి కొమ్మ మీంచి లేచి, నీళ్ల మీదుగా అవతలి ఒడ్డుకు పోయింది. చివరికి పెద్దమ్మ విస్తరిని గోదావరిలో వదలమంది.

తిరిగి వస్తుంటే అక్క నా పక్కన నడిచింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"తమ్మీ, ఆ దినం నీ ముందట కూసున్నప్పుడు ఆయన మొఖం ఎట్లుండె? భయపడ్డట్టు కనవడ్డదా?"

ఆవగింజంత వివరం దొరికితే గుమ్మడికాయంత చేయడం నా వృత్తి. కవరు రంగు గుర్తుంది, వైరు గుర్తుంది, ఎంతమంది నవ్వారో కూడా గుర్తుంది. ఆయన మొహం ఎంత వెతికినా దొరకలేదు. అక్క నా జవాబు కోసం ఆగి, తర్వాత నడక సాగించింది.