ఊగే గాంధారానికి ఎర్ర గీత

పాలకొల్లులో మా ఇంటి ముందుగదిలోనే సంగీతం చెబుతాను. గొంతు బాగున్న పిల్లలు వస్తారు, లేనివాళ్లూ వస్తారు, ఎవరినీ పొమ్మనను. కానీ ఇన్నేళ్లలో తోడి రాగంలో గాంధారాన్ని నేను చెప్పకుండానే పట్టుకున్న పిల్ల ఒక్కతే. ఆ స్వరం ఒకచోట నిలబడకూడదు. కిందికి జారి, మళ్లీ పైకి లేస్తూ ఊగాలి. ఆ ఊపునే గమకం అంటాం. పెద్దవాళ్లకే చెమటలు పట్టించే గమకం ఏడో క్లాసు పిల్ల గొంతులో దానంతటదే పలికేసరికి నాకు ఏడుపొచ్చింది. హమ్మయ్య, నాకొచ్చిన విద్య ఒక్కరికైనా అందుతుందనుకున్నాను.

వాళ్ల నాన్నగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మంచి మనిషి. ఒకరోజు కూతురికి కొత్త ట్యాబు, దానికో మైకు కొనిచ్చి, నాకు చూపించడానికి తెచ్చారు. పిల్ల పాడుతుంటే అది విని, స్వరం సరిగ్గా ఉంటే పచ్చ గీత, తప్పితే ఎర్ర గీత గీస్తుందట. ఎంత సాధన చేసిందో ఆయన ఫోనుకు కబురు కూడా వస్తుందట.

"చెరువులో నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఇంట్లో కూర్చుని ఫోన్లోనే ఆన్ చేసేత్తన్నామండి. ఆక్సిజన్ తగ్గితే అదే చెప్పేత్తది. పాటయినా అంతే కదండీ టీచర్‌గారూ? మీకూ శ్రమ తగ్గుద్ది."

"నా మొహం, పాటకి ఎంత ఆక్సిజన్ కావాలో అదేం చెబుతుందండీ!" అన్నాను. ఆయన నవ్వేశారు. నేనూ నవ్వాను.

ఇంట్లో పిల్ల ఆ గాంధారం పాడిన ప్రతిసారీ ఎర్ర గీత పడింది. నిలకడగా ఉన్నదే ఆ యంత్రానికి స్వరం, ఊగితే తప్పు. పిల్లకేమో ఎర్ర గీతంటే పరీక్షలో సున్నా వచ్చినంత భయం. ఎర్రగా పడేచోటల్లా గొంతు బిగబట్టడం నేర్చుకుంది. వేసవిలో దాళ్వా పంట కోతల నాటికి ఆ గాంధారం ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది.

"ఊపవే తల్లీ, అంత బిగించకు" అని బతిమాలాను. కసిరాను. పక్కన కూర్చుని నాతోపాటు పాడించాను. ట్యాబు లాక్కుని బీరువాలో పెట్టాను కూడా. అది ఎదురుగా లేకపోతే పిల్లకు నోరే పెగల్లేదు. ఒక్కో స్వరానికీ ఆగి, సరిగ్గా ఉందా అన్నట్టు నా మొహంలోకి చూసేది. నేను తల ఊపినా నమ్మకం కలిగేది కాదు.

వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే, "నూటికి నూరు వత్తన్నాయండి టీచర్‌గారూ, అంతా మీ చలవే!" అని ఒకటే సంబరం. ఆ మనిషిని ఏమని తిట్టను? పెట్టేశాను.

చివరికి ఉక్రోషం ఆగక ఒక పాఠంలో ఆ ట్యాబును నా ముందు పెట్టుకున్నాను. "చూడవే, తోడి అంటే ఏంటో నీ యంత్రానికి కూడా వినిపిస్తాను" అని కళ్లు మూసుకుని పాడాను. చాలాకాలానికి నా గొంతు నా మాట విన్నది. గాంధారం మా గురువుగారు నేర్పినట్టే పలికింది. కళ్లు తెరిచేసరికి తెర నిండా ఎరుపే.

పిల్ల నవ్వలేదు. వెక్కిరించినా బాగుండేది. నా చెయ్యి పట్టుకుని, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా చెప్పింది.

"బాధపడకండి టీచర్‌గారూ. మొదట్లో నాకూ అన్నీ ఎర్రగానే వచ్చేవండి. రోజూ ప్రాక్టీస్ చేస్తే మీకూ పచ్చగా వచ్చేస్తాయండి."